"రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నా కదా తమ్ముడూ": పాత కారు సొంత రిపేర్లు, అపోహలు - వాస్తవాలు

మొన్న రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, మా షెడ్డుకి ఒక శాంత్రో టోయింగ్ బండి మీద వచ్చింది. 2008 మోడల్, ఓనరు స్కూల్ మాస్టారు, బండంటే ప్రాణం ఆయనకి, ఆయిల్ ఆయనే మార్చుకుంటాడు, ఎయిర్ ఫిల్టర్ ఆయనే దులుపుతాడు, ప్లగ్గులు ఆయనే విప్పి క్లీన్ చేస్తాడు. దిగీ దిగగానే అన్నమాట ఏంటంటే "రోజూ పొద్దున్నే రేడియేటర్లో నీళ్ళు పోస్తూనే ఉన్నా కదా తమ్ముడూ, ఒక్కరోజు మానలేదు, మరి ఇట్లా ఎందుకైంది?" అని. విజయవాడ ఆటోనగర్లో ఇరవై రెండేళ్ళుగా పానా పట్టుకుంటున్నా, ఈ మాట వినకుండా నాకు ఒక్క ఎండాకాలం గడవలేదు.

మాస్టారూ, రోజూ పోయాల్సి వస్తోందంటేనే జబ్బు ఉన్నట్టు.

పాత అంబాసిడర్ రోజుల్లో డ్రైవర్లు పొద్దున్నే బానెట్ ఎత్తి చెంబుడు నీళ్ళు పోసి బయల్దేరేవాళ్ళు, ఆ అలవాటు తాతల నుంచి మనకి వచ్చేసింది. ఇప్పటి కార్లలో, అంటే మన పాత శాంత్రోలు, ఆల్టోలు, వ్యాగనార్లు కూడా, నీళ్ళు తిరిగే దారి మొత్తం మూసేసి ఉంటుంది. వేడెక్కితే పొంగి పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి పోతుంది, చల్లారితే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. నెలకోసారి చూస్తే ఆ డబ్బాలో లెవెల్ దాదాపు అక్కడే ఉండాలి. వారానికి అర లీటర్ తగ్గుతోందంటే అది ఎక్కడికో పోతోంది, అయితే బయటికి కారుతోంది, లేదా హెడ్డు (ఇంజన్ పై భాగం) కింద ఉండే ప్యాకింగ్ దగ్గర లోపలికి పోయి కాలిపోతోంది. మీరు రోజూ పోస్తున్న చెంబుడు నీళ్ళు ఆ కారడాన్ని మీకు కనపడకుండా దాస్తున్నాయి, అంతే.

మాస్టారి బండికి జరిగింది కూడా అదే. రేడియేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే కింది హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలింది, సన్నగా కారుతోంది, ఊళ్ళో స్కూలుకీ ఇంటికీ తిరిగినన్నాళ్ళు చెంబుడు నీళ్ళతో నెట్టుకొచ్చాడు. హైదరాబాద్ నుంచి ఏసీ వేసుకుని ఫ్యామిలీతో వస్తుంటే కోదాడ దాటాక డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపించే సూది లేచింది. నందిగామలో ఆపి రెండు వాటర్ బాటిళ్ళు పోశాడు. కాసేపటికి సూది మళ్ళీ పైకి ఎగబాకి, తర్వాత దానంతటదే కిందికి దిగిపోయిందంట. "తగ్గింది కదా అని హాయిగా వచ్చేశా" అన్నాడు. అలా ముప్పై కిలోమీటర్ల పైన వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర బండి ఆగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. సూదికి వేడి సంగతి చెప్పే సెన్సర్ నీళ్ళల్లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. నీళ్ళన్నీ పోయి దాని చుట్టూ ఉత్త గాలి, ఆవిరి మిగిలితే అది తక్కువ చూపించొచ్చు. అంటే ఇంజన్ లోపల కాలిపోతుంటే డాష్‌బోర్డు మాత్రం అంతా బాగుంది అంటుంది. పైకి లేచిన సూది మీరేమీ చెయ్యకుండా గభాల్న కిందికి పడిందంటే చల్లబడిందని సంబరపడకండి, వెంటనే పక్కకి తీసి ఆపెయ్యండి.

హెడ్డు అల్యూమినియం. వేడికి వంగుతుంది. వంగాక ప్యాకింగ్ పట్టదు, నీళ్ళు ఆయిల్లో కలుస్తాయి. మాస్టారి బండి ఆయిల్ మూత తీస్తే లోపల పాలు ఎక్కువైన టీ రంగులో నురగ. (ఊళ్ళో రెండు కిలోమీటర్లే తిరిగే బండికి వానాకాలంలో మూత కింద కాస్త తెల్లగా పట్టడం మామూలే, దానికి కంగారు పడకండి, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) మీద కూడా అదే రంగుంటేనే భయపడాలి.) హోస్ పైపు, క్లిప్పులు కలిపి ఐదొందల్లో అయ్యే పని. హెడ్డు దించి, లేత్‌లో ఫేసింగ్ కొట్టించి (అంటే వంకర పోయేలా చదును చేయించి), ప్యాకింగ్ సెట్టు, ఆయిల్, కూలెంట్ (రేడియేటర్ నీళ్ళల్లో కలిపే మందు), లేబరు అన్నీ కలిపి 23 వేలు అయింది. బిల్లు చెప్పేటప్పుడు నాకే నోరు రాలేదు, ఆయన అసలు ఖర్చు తగ్గించుకుందామనే కదా సొంతంగా చేసుకునేది.

దీనికి తోడు "మనకేం మంచు పడుతుందా, కూలెంట్ ఎందుకు, నీళ్ళు చాలు" అని ఒకటి. నిజం చెప్పాలంటే వేడిని మోసుకెళ్ళడంలో ఉత్త నీళ్ళే కూలెంట్ కంటే కాస్త మెరుగు, కాదనను. కానీ తుప్పు పట్టకుండా, పక్కు కట్టకుండా, వాటర్ పంపు సీలు పాడవకుండా చూసేది కూలెంట్. సగం సగం కలిపితే మరిగే పాయింటు కూడా పెరుగుతుంది. మన బోరు నీళ్ళ సంగతి తెలీనిదేముంది, గీజర్ రాడ్డు చుట్టూ తెల్లగా సున్నంలా ఎలా కడుతుందో రేడియేటర్ గొట్టాల్లోనూ అంతే. అవేమో జొన్న పుల్లంత సన్నగా ఉంటాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్ దొరుకుతుంది, ఆ నీళ్ళే కలపండి. కూలెంట్ కొన్న డబ్బా మీద రెడీ మిక్స్ అని ఉంటే ఆ నీళ్ళు కూడా కలపకూడదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకుంటా. నేను కూడా పదేళ్ళ పాటు వేడెక్కుతోందని వచ్చిన ప్రతి బండికీ థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేశా. మా మేస్త్రి అలాగే నేర్పించాడు, "వేడి దేశం, ఇదెందుకురా" అనేవాడు. ఆ వాల్వ్ 82-88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అప్పటిదాకా ఇంజన్‌ని త్వరగా వేడెక్కనిస్తుంది. అది లేకపోతే ఇంజన్ వేడెక్కదు, చల్లగానే ఉందనుకుని బండిలోని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. పైగా అసలు లీకు అలాగే ఉండిపోతుంది. వాల్వ్ పాడైతే కొత్తది వెయ్యాలి, మూడు నాలుగొందలకి వచ్చేదానికి పీకి పారెయ్యడం ఎందుకు. ఫ్యాన్ డైరెక్ట్ చేయించడం, అంటే ఎప్పుడూ తిరుగుతూనే ఉండేలా వైరు కలపడం కూడా ఇలాంటిదే, దారి మధ్యలో ఇల్లు చేరడానికైతే సరే, దాన్నే పర్మనెంట్ వైద్యం చేసుకోకండి.

సూది ఎర్ర గీత వైపు పోతోందనుకోండి. ఏసీ ఆపండి, హీటర్ ఫుల్లు వేడి మీద పెట్టి బ్లోయర్ పెంచండి, మేలో అది నరకమే కానీ ఇంజన్ వేడి కొంత లాగేస్తుంది, ఆ నిమిషం రెండు నిమిషాల్లో సేఫ్‌గా పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యండి. బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత ముట్టుకోకండి. ఎంతసేపంటారా, పై హోస్ పైపు చేత్తో పట్టుకుంటే వెచ్చగా కూడా తగలనంతగా చల్లారేదాకా, గంట అయినా సరే. ప్రెషర్ కుక్కర్లో ఆవిరి పోకముందు మూత తీస్తారా ఎవరైనా? ఇదీ అంతే, లోపల 100 డిగ్రీలు దాటినా ప్రెషర్ వల్ల మరగకుండా ఆగి ఉంటాయి నీళ్ళు, మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై మొహానికి కొడతాయి. నా ఎడమ చేతి మీద మణికట్టు నుంచి మోచేయి దాకా తెల్లటి మచ్చ ఉంది. పదహారేళ్ళప్పుడు హెల్పర్‌గా చేరిన మూడో నెల, అంబాసిడర్, తడిగుడ్డ వేసి తిప్పితే ఏం కాదని ఎవరో అన్నారు. మా అమ్మ నెల రోజులు అన్నం కలిపి ముద్దలు పెట్టింది నాకు. కొన్ని కార్లకి రేడియేటర్ మీద మూతే ఉండదు, ఆ ప్లాస్టిక్ డబ్బా మూతకే ప్రెషర్ ఉంటుంది, డబ్బా మూతే కదా అని దాన్ని తిప్పిన వాళ్ళనీ చూశా. వేడి ఇంజన్లో చల్లటి నీళ్ళు కుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు, అది ఇంకో ముచ్చట.

లీకు మీరే పట్టుకోవచ్చు, దానికి నా దాకా రానక్కర్లేదు. రాత్రి ఇంజన్ కింద ఫ్రిజ్ అట్టపెట్టె చింపి పరిచి పడుకోండి. పొద్దున్న ఎక్కడ తడి ఉందో దాని పైన చూడండి. ఏసీ నీళ్ళయితే ఉత్త నీళ్ళే, కూలెంట్ అయితే రంగు, జిగురు, తియ్యటి వాసన. హోస్ చివర్లలో ఎండిపోయిన తెల్ల మరక గానీ పచ్చ మరక గానీ ఉంటే అక్కడే. హోస్ నొక్కి చూడండి, ఉబ్బి మెత్తబడినా, గట్టిపడి చిట్లినా మార్చెయ్యండి. ఏమీ దొరక్కపోతే మూత చూడండి. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసుంటుంది, అది ఎంత ప్రెషర్ ఆపుతుందో చెప్పే నంబరు, కింద రబ్బరు వాషర్ చీలిందంటే ప్రెషర్ నిలవదు, నీళ్ళు డబ్బాలోకి పొంగి బయటికి పోతాయి. రెండొందల మూత మార్చి బాగైన బండ్లు ఎన్ని చూశానో. అదే నంబరు మూత వెయ్యండి, ఎక్కువ నంబరు వేస్తే ఇంకా బలం అనుకోకండి, పాత హోసులు పగుల్తాయి.

కూలెంట్ మార్చుకునేవాళ్ళకి ఒక్క మాట. రేడియేటర్ కింద నీళ్ళు వదిలే ప్లాస్టిక్ కాక్ పదిహేనేళ్ళ ఎండకి బిస్కెట్‌లా అయి ఉంటుంది, కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే చేతికొస్తుంది, దాని జోలికి పోకుండా కింది హోసే ఊడదీయండి. నింపాక మూత తీసి ఉంచి, హీటర్ ఆన్ చేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపండి, మధ్యలో పై హోస్ పిసకండి, బుడగలు వస్తుంటాయి. చాలామంది ఇది వదిలేస్తారు, లోపల గాలి ఉండిపోయి మళ్ళీ వేడెక్కుతుంది, కూలెంట్ మంచిది కాదని షాపువాడిని తిడతారు. చల్లటి ఇంజన్ మీద మొదలుపెట్టినప్పుడే ఈ మూత తీసే పని, మర్చిపోకండి. తీసిన కూలెంట్ రోడ్డు మీద పొయ్యకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, చచ్చిపోతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తా.

కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగు కంపెనీ కలిపేదే, ఒకే రంగు అంటే ఒకే రకం అని కాదు. ఆయిల్ నల్లబడింది అంటే పాడైనట్టు కాదు, డీజిల్ బండికి మార్చిన కొన్ని రోజులకే నల్లబడుతుంది, కిలోమీటర్లు, నెలలు చూసి మార్చండి. ఛాంబర్ బోల్ట్, అంటే పాత ఆయిల్ దించే కింది బోల్ట్, బలం కొద్దీ బిగిస్తే మర పోతుంది, కొత్త వాషర్ వేస్తే బలం అక్కర్లేదు. బ్రేక్ ఆయిల్ తగ్గితే ముందు బ్రేక్ ప్యాడ్లు చూడండి, ఆ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసినాయన ఒకాయన ఉన్నాడు, రబ్బర్లన్నీ ఉబ్బి నాలుగు చక్రాలూ పట్టేశాయి. సెకండ్ హ్యాండ్ శాంత్రో, మారుతి 800 కొన్నారా, వాటికి టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వుల్ని టైముకి తెరిచి మూయించేది) ఉంటుంది, చైన్ కాదు, ఎప్పుడు మార్చారో పాతాయన చెప్పలేకపోతే కొన్న వారంలోనే మార్పించండి, ఇది మాత్రం ఇంట్లో మొదటి పనిగా పెట్టుకోకండి. పదిహేనేళ్ళు దాటితే బండి స్క్రాప్ కి లాక్కెళ్తారని భయపడుతూ ఫోన్ చేస్తారు, ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కల, మన దగ్గర సొంత కారుకి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు.

బండి కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నీ నమ్మకండి. స్టాండ్లు పెట్టండి, లేకపోతే ఆ పని ఆపెయ్యండి. ఇటుకలు పేర్చకండి, ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్లు కొనలేదంటే ఆ రోజు మా షెడ్డుకి తెచ్చుకోండి, ర్యాంపు ఖాళీగా ఉంటే మీరే ఎక్కించి మీరే ఆయిల్ మార్చుకోండి, నేను టీ తాగుతూ చూస్తా. మాస్టారు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు.