సంఘ నాయకత్వంలో తగ్గింపు, నమ్మకత్వం: కొన్ని అపోహలు – వాస్తవాలు

ఎక్కడ నలుగురు విశ్వాసులు కూర్చున్నా పాస్టర్ల మీదికి మాట పోతుంది. "ఫలానా అయ్యగారు ఎంత తగ్గింపు (వినయం) గలవారో", "ఫలానా ఆయనకి గర్వం తలకెక్కింది" అని తీర్పులు కూడా అక్కడే అయిపోతాయి. ఆ తీర్పులు దేన్ని బట్టి ఇస్తున్నారా అని చూస్తే చాలావరకు మాటతీరు, బట్టలు, కారు, మైకు ముందు కన్నీళ్ళు. నేను ఒంగోలు వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిని, అంటే పాస్టరుని, సేవలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకి పాఠాలు కూడా చెబుతుంటాను. వాళ్ళు మోసుకొచ్చే అపోహలూ సంఘాలు మోసే అపోహలూ దాదాపు ఒకటే. అందుకే ఒకచోట రాస్తున్నాను.

అపోహ: మెత్తగా మాట్లాడేవాడే తగ్గింపు గలవాడు.

"నేనేమీ కాను, ధూళిని, అంతా ప్రభువే" అని మైకులో అనడానికి ఖర్చేమీ లేదు. అదే మనిషి సంఘ పెద్దల కమిటీని ఏడాదిగా కూర్చోబెట్టకపోతే, ఒక పెద్ద లేచి "అయ్యగారూ, ఆ షెడ్డు పని ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు?" అంటే ముఖం మాడ్చుకుంటే, ఆ ధూళి మాటకి అర్థమేముంది? నేను చూసేది ఒక్కటే. ఆయన్ని ఎవరైనా ప్రశ్న అడగగలరా, అడిగినవాడు వచ్చే ఆదివారం కూడా అదే కుర్చీలో కూర్చోగలడా?

గలతీ పత్రిక రెండో అధ్యాయంలో అంతియొకయలో పేతురుని పౌలు అందరి ముందు నిలదీశాడు. అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి భయపడి పక్కకి తప్పుకున్నాడు, గొడవ అది. పేతురు అంతటివాడు. అయినా పౌలుని సంఘం నుంచి వెలివేయించలేదు, పైగా తన రెండో పత్రికలో "మన ప్రియమైన సహోదరుడు" అనే రాశాడు. నాకు తెలిసిన తగ్గింపు ఇది. పౌలు గొంతు ఆ రోజు మెత్తగా ఉండి ఉంటుందని మాత్రం నేననుకోను.

అపోహ: "అభిషిక్తుని ముట్టకూడదు", కాబట్టి పాస్టరుని ప్రశ్నించకూడదు.

దీనికి రెండు వచనాలు వాడతారు. ఒకటి 105వ కీర్తన, 15వ వచనం. పైనున్న వచనాలు చదవండి. అక్కడ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. ఊరూరా పరదేశులుగా తిరుగుతున్న ఆ కొద్దిమందికి కీడు చేయొద్దని దేవుడు రాజుల్ని గద్దించాడు. అంటే బలమున్నవాళ్ళ నుంచి బలం లేనివాళ్ళని కాపాడిన మాట. దాన్ని తిప్పి, పుల్పిట్ మీద ఉన్నవాడిని సంఘంలో వితంతువు అడిగే ప్రశ్న నుంచి కాపాడటానికి వాడుతున్నాం.

రెండోది ఏన్గెదీ గుహ. తనని చంపాలని తరుముతున్న రాజు సౌలు ఆ గుహలో తన చేతికి చిక్కినా దావీదు అతన్ని చంపలేదు. నిజమే. కానీ ప్రసంగాల్లో కథ అక్కడే ఆపేస్తారు. ఆ తర్వాత దావీదు ఏం చేశాడు? గుహ బయటికొచ్చి, సౌలుని పిలిచి, గుహలో కోసిన సౌలు బట్ట చెంగు చేత్తో పైకెత్తి చూపించి, నేనేం తప్పు చేశానని నన్ను తరుముతున్నావు, యెహోవాయే నీకూ నాకూ మధ్య న్యాయం తీర్చాలి అని గట్టిగా అడిగాడు, అదీ సౌలు వెంటేసుకొచ్చిన మూడు వేల మంది ఉన్నచోట. చెయ్యి ఎత్తలేదు గానీ నోరు మూసుకోలేదు.

ఇటువైపు ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నా తోటి పాస్టర్లకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. పెద్ద మీద నింద వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఒప్పుకోవద్దని 1 తిమోతి 5:19 అంటుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసిన ఆడియో సాక్ష్యం కాదు. ఆ తర్వాతి వచనం, పాపంలో కొనసాగేవాళ్ళని అందరి ఎదుట గద్దించమంటుంది. మా పాస్టర్లం మొదటి వచనం కంఠతా చెబుతాం, విశ్వాసులు రెండోది చెబుతారు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

అపోహ: కానుకల లెక్క అడగడం విశ్వాసం తక్కువై.

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా అనుభవంలో సంఘాలు చీలిపోయేది సిద్ధాంతం మీద కాదు, నూటికి తొంభై డబ్బు మీద, స్థలం మీద.

యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. కారణం 2 కొరింథీ 8లో తనే చెప్పాడు: ఇంత పెద్ద మొత్తం విషయంలో మమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు, ప్రభువు దృష్టికే కాదు మనుష్యుల దృష్టికి కూడా సరిగా ఉండాలి. పౌలుకే అది అవసరమనిపిస్తే మనమెంత?

మా దగ్గర ఎలా జరుగుతుందో చెబుతాను. ఆరాధన అయ్యాక సంచులు నేరుగా పక్కగదిలో బల్ల మీదికొస్తాయి. ఇద్దరు కూర్చుంటారు, ఒకరికొకరు చుట్టాలు కాకూడదు. నేను ఆ గదిలో ఉండను. నోట్లు ఐదొందలు, రెండొందలు, వందలు అని విడదీస్తారు, చిల్లర వేరే. కవర్లలో వచ్చిన దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక), పేరు రాసి ఉంటే పేరుతో, లేకపోతే "పేరు లేదు" అని ఎక్కుతుంది. పిడికెడు బియ్యం కూడా తూకం వేస్తారు. మీలో పట్నం వాళ్ళకి తెలియకపోవచ్చు, పల్లెల్లో ఇంకా ఆడవాళ్ళు వంట చేసే ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టి ఆదివారం తెస్తారు. ఆ బియ్యం ఎవరికి అమ్మారు, ఎంతకి అన్నది కూడా పుస్తకంలో ఉండాలి, ఎందుకంటే అది కూలికెళ్ళొచ్చిన అమ్మ తన పళ్ళెంలోంచి తీసిన బియ్యం. ఇద్దరూ సంతకాలు పెట్టాక మొత్తం బోర్డు మీద రాస్తారు. సోమవారం బ్యాంకులో వేస్తారు. ఇందులో ఆత్మీయంగా కనిపించేది ఏదీ లేదు, గంటసేపు చెమటలు కక్కే పని. నమ్మకత్వం ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉంటుంది, అందుకే దాని మీద పాటలు రావు.

ఇప్పుడు కొత్తగా క్యూఆర్ కోడ్ వచ్చింది. ఫ్లెక్సీ మీద వాక్యం పెద్దగా, కింద కోడ్. స్కాన్ చేయగానే ఫోన్లో ఒక పేరు కనబడుతుంది కదా, అది చూడండి. సంఘం పేరా, అయ్యగారి పేరా, అయ్యగారి బావమరిది పేరా? ఎవరినీ అడగక్కర్లేదు, గొడవ పడక్కర్లేదు, చదువుకుంటే చాలు.

స్థలం కూడా అంతే. ఇండిపెండెంట్ సంఘాల్లో చాలాచోట్ల విశ్వాసులు చందాలేసి కొన్న స్థలం పాస్టరుగారి సొంత పేరు మీద రిజిస్టరై ఉంటుంది. ఆయన మంచివాడే అనుకుందాం, ఎంతో మంచివాడు. ఆయన పోయిన మర్నాడు అది ఆయన పిల్లల ఆస్తి, మందిరం తాళం వాళ్ళ చేతిలో. మన రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. సొసైటీగా నమోదైతే ఆస్తి సొసైటీదవుతుంది, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి ఇవ్వాలి. కాగితాల పని తలనొప్పే. తలనొప్పి వద్దనుకుని "మనది ఆత్మీయ సంఘం, మనకి రిజిస్ట్రేషన్లెందుకు" అనేవాళ్ళ సంఘాలే తర్వాత కోర్టు మెట్లెక్కుతున్నాయి.

అపోహ: ఫలం కనబడుతోందంటే దేవుడు ఆయన్ని ఆమోదించినట్టే.

ప్రపంచ ప్రఖ్యాత క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయాస్ 2020 మేలో చనిపోయినప్పుడు ప్రపంచమంతా నివాళులు అర్పించింది. మన తెలుగు పాస్టర్లు ఆయన ప్రసంగాలు ఎంతమంది విన్నారో లెక్కలేదు. 2021 ఫిబ్రవరిలో ఆయన సొంత సంస్థ వేయించిన విచారణే ఆయన ఏళ్ళ తరబడి చేసిన లైంగిక దుష్ప్రవర్తనని బయటపెట్టింది. 2017లోనే ఒక మహిళ మాట్లాడితే ఆ సంస్థ ఆమెని కాదని ఆయన పక్షాన నిలబడింది. అంత ఫలం కనబడుతున్నప్పుడు ఎవరు ప్రశ్నిస్తారు? నీ నామంలో ప్రవచించాం, దయ్యాలు వెళ్ళగొట్టాం అన్నవాళ్ళతో ప్రభువు, మిమ్మల్ని నేనెన్నడూ ఎరుగను అంటాడని మత్తయి 7లో ఉంది.

అపోహ: నమ్మకమైన నాయకుడు ఎవరినీ కాదనడు, నొప్పించడు.

మా జిల్లా కథే చెబుతాను. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. ఆ జనం బాప్తిస్మం కావాలని అడిగారు. ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు, కూడు కోసం వచ్చేవాళ్ళెవరో విశ్వాసంతో వచ్చేవాళ్ళెవరో తేలేదాకా ఆగాడు. అమెరికాకి పంపే రిపోర్టులో అంకెలు పెంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా! సహాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఈ అంకె చెబుతారు గానీ నాకు నచ్చేది వేరే. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలిచ్చింది ఆయన కాదు, మన తెలుగు బోధకులు, ఒకసారి ఇద్దరు చొప్పున. చరిత్రలో నిలిచిపోయే రోజున తన చెయ్యి తడవకపోయినా ఫరవాలేదనుకున్నాడు. ఇవాళైతే ఆ ఫొటో ఎవరు వదులుకుంటారు?

అపోహ: గుడ్ ఫ్రైడే ముందు గురువారం కాళ్ళు కడిగితే సేవక నాయకత్వం అయిపోయినట్టే.

ముందే కడుక్కొచ్చిన కాళ్ళు, కొత్త తువ్వాలు, ఎదురుగా లైవ్ కెమెరా. చేయొద్దనను, మేమూ చేస్తాం. యేసు ఆ రాత్రి తనని పట్టివ్వబోతున్న యూదా కాళ్ళు కూడా కడిగాడన్నది మాత్రం గుర్తుంచుకోండి. మీ మీద పిటిషన్ పెట్టిన కమిటీ మెంబరు వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉంటే వెళ్ళారా, ఫొటో పెట్టకుండా వచ్చారా, అన్నది నాకు ఎక్కువ ముఖ్యం.

అపోహ: తగ్గింపు కిందివాళ్ళు నేర్చుకోవాల్సింది.

వి.ఎస్. అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి మన దోర్నకల్‌కి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దొరల ముందే లేచి, మీ త్యాగాలు మాకు తెలుసు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్నారు. చాలామందికి అది రుచించలేదు. వినయం పేరుతో నోరు మూసుకోమనడం అప్పుడూ ఉంది. తర్వాత తనే బిషప్పు అయ్యాక చేసింది చూడండి: అధికశాతం మాల, మాదిగ పల్లెలున్న డయాసిస్‌లో (బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతంలో), బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేయి వాడి తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ అని పలికించేవారు. సువార్త బాధ్యత బిషప్పుదే కాదు, నిన్న చేరిన కూలీది కూడా.

మనం ఇప్పుడు సంఘ ఎన్నికలొస్తే మాల ప్యానెల్, మాదిగ ప్యానెల్ అని విడిపోతున్నాం, కొన్నిచోట్ల వేరే కులం నుంచి వచ్చిన పాస్టరుకి అదొక ప్రత్యేక మర్యాద. బయటివాళ్ళకి తెలియదనుకుంటున్నాం గానీ ఊరందరికీ తెలుసు.

అపోహ: పాస్టరు కొడుకే తర్వాతి పాస్టరు, అది అభిషేకపు వారసత్వం.

మోషే తర్వాత యెహోషువ వచ్చాడు, మోషే కొడుకు కాదు. యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు బలిమాంసం కాజేశారు. సమూయేలు ముసలితనంలో జనాన్ని నిలబెట్టి, నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరినైనా మోసం చేశానా, ఇప్పుడే చెప్పండి అని అడిగాడు. ఒక్కరు కూడా వేలెత్తలేదు. అంతటి మనిషి తన కొడుకుల్ని న్యాయాధిపతులుగా పెడితే వాళ్ళు లంచాలు తిన్నారు. కొడుక్కి పిలుపు ఉంటే రానివ్వండి, నాకేం పట్టింపు లేదు, కానీ సంఘం పరీక్షించి ఒప్పుకోవాలి. ముందే ఫ్లెక్సీ మీద "యంగ్ ప్రాఫెట్" అని ఫొటో వేసి తర్వాత అడిగితే అది అడగడం కాదు.

అపోహ: కాపరి పేదగా ఉంటేనే దీనుడు.

ఇది పాస్టర్ల అపోహ కాదు, సంఘాల అపోహ. పాత స్కూటరు అమ్మి బైకు కొంటే నలుగురి నోళ్ళలో నానుతాడు. సువార్తికుడు భక్తసింగ్ గారు స్థిరమైన జీతం లేకుండా, బ్రదర్ అనే పిలుపుతోనే బతికారు, అది ఆయన ఎంచుకున్న దారి. దాన్ని చూపించి మీ పాస్టరుకి జీతం ఎగ్గొట్టడం మీ ఆత్మీయత కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడని అదే 1 తిమోతి 5లో ఉంది. ఇక పాస్టరమ్మల సంగతి, స్త్రీల కూడిక, సండే స్కూలు, వచ్చినవాళ్ళకి టీలు, అన్నీ ఆవిడే. జీతం మాట ఎవరూ ఎత్తరు.

అపోహ: నమ్మకమైన సేవకుడికి సెలవు అక్కర్లేదు.

పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు తీరుస్తున్న మోషేని చూసి, నువ్వు చేస్తున్న పని మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు జనమూ నలిగిపోతారు అన్నాడు మామ యిత్రో. మోషే మామ మాట విన్నాడు, పని పంచాడు. "నేను లేకపోతే సంఘం నడవదు" అనుకోవడంలో భక్తి కంటే గర్వమే ఎక్కువని నా అభిప్రాయం. మా దగ్గర నాకు సోమవారం సెలవు. ఆ రోజు పెద్దల్లో ఒకరు ఫోన్లు చూసుకుంటారు, నా దాకా వచ్చేది చావు కబురు, ఆస్పత్రి కబురు మాత్రమే. మొదట్లో గొణిగారు, ఇప్పుడు అలవాటైంది.