ఒడ్డున పడున్న తాబేలుని చూడగానే నీళ్ళలోకి తోసెయ్యకండి

మాది ఇచ్ఛాపురం మండలం, డొంకూరు వైపు, నాలుగడుగులేస్తే ఒడిశా. ఓ జనవరి పొద్దున్న ఇసకలో ఆలివ్ రిడ్లీ తాబేలు పడుంది, మెడ చుట్టూ వల ఒరుసుకున్న గీత, చచ్చిపోయిందనే అనుకున్నాం గానీ కంటి పక్కన వేలు పెడితే రెప్ప కొంచెం కదిలింది. "ఏటి బాబూ అలా చూత్తన్నారు, కూర్మనాథస్వామి కదా, నీటిలోకి తోసెయ్యండి" అని ఓ పెద్దాయన దండం పెట్టి తనూ చెయ్యేశాడు. నలుగురం కలిసి తోశాం. రెండుసార్లు కెరటం వెనక్కి తెచ్చి పడేసింది, మూడోసారి తీసుకుపోయింది.

మేం చేసింది తప్పని నాకు అర్థమైంది అమెరికాలో చలికి బిగుసుకుపోయే తాబేళ్ళ గురించి చదివాక. తాబేలు ఒంట్లో మనలాగా వేడి పుట్టదు, నీళ్ళు చల్లబడితే ఒళ్ళూ చల్లబడుతుంది. సుమారు 10 డిగ్రీల కిందకి దిగితే ఈదలేదు, గుండె బాగా నెమ్మదించిపోతుంది, ఊరికే పైన తేలుతూ గాలి ఎటు తోస్తే అటు కొట్టుకొస్తుంది. మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ అని ఉంది, భూమి సముద్రంలోకి చెయ్యి చాపి మోచెయ్యి మడిచినట్టుంటుంది, ఎండాకాలం ఉత్తరానికి వెళ్ళిన కెంప్స్ రిడ్లీ పిల్లలు చలి మొదలవగానే దక్షిణానికి పోదామంటే ఆ మడతలో ఇరుక్కుపోతాయి. ఇవి మన ఆలివ్ రిడ్లీకి చెల్లెలి వరస, సముద్ర తాబేళ్ళలో వేలల్లో ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెట్టేవి ఈ రెండే, మన పక్కన ఒడిశాలో రుషికుల్య నది దగ్గర జరిగేది అదే. 2014 చలికాలంలో ఒక్క కేప్ కాడ్ లోనే 1,200 పైగా కొట్టుకొచ్చాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లోనైతే అన్ని రకాలూ కలిపి 12 వేల పైమాటే, సౌత్ పాడ్రే ఐలాండ్‌లో కన్వెన్షన్ సెంటర్ నేలంతా కాపాడి తెచ్చిన తాబేళ్ళే.

కేప్ కాడ్ లో వాలంటీర్లు రాత్రిపూట కూడా ఒడ్డు వెంట తిరుగుతారు, దొరికినదాన్ని నీళ్ళలో వదలరు, అల తగలని చోటికి జరిపి గాలి కొట్టకుండా ఎండిన నాచు కప్పి ఫోన్ చేస్తారు. తర్వాత అరటిపళ్ళ అట్టపెట్టెలో పెట్టి కార్లో తీసుకెళ్తారు, అంత చలిలోనూ కార్లో హీటర్ వెయ్యరు. నాకు బాగా పట్టేసింది ఇదే. లోపల గుండె ఇంకా చల్లగా ఉండగా ఒళ్ళు గబగబా వెచ్చబడితే ప్రాణమే పోవచ్చు, అందుకని మొదటిరోజు 13 డిగ్రీల గదిలో ఉంచి రోజుకి మూడేసి డిగ్రీలు మాత్రమే పెంచుతారు. సెలైన్, న్యుమోనియాకి యాంటీబయాటిక్స్, పక్కన మనిషి ఉండగా కాసేపు ఈత, ఇలా ఒక్కోదానికి నెలలు పడుతుంది.

మన సముద్రంలో ఆ చలి లేదు, జనవరిలో కూడా నీళ్ళు 25 డిగ్రీల దగ్గరే ఉంటాయి. మన తాబేళ్ళకి ముప్పు ట్రాలర్ వల, పైకొచ్చి ఊపిరి తీసుకోలేక లోపలే నీళ్ళు మింగి సొమ్మసిల్లిపోతాయి. అలాంటిదాన్ని నీళ్ళలో వేస్తే మునిగిపోవడమే. బోటు మీద చెయ్యాల్సింది ఇది: బోర్లాగానే ఉంచి వెనక భాగం జానెడు ఎత్తు లేపాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు కారిపోవడానికి. నీడలో ఉంచి డిప్ప మీద తడిగుడ్డ కప్పాలి, ముక్కు మాత్రం మూయకూడదు, మధ్యమధ్య కంటి దగ్గర, తోక దగ్గర ముట్టుకుని చూడాలి. ఒడ్డున కనిపిస్తే ఫారెస్టు వాళ్ళకి కబురు చెప్పి వాళ్ళొచ్చేదాకా కుక్కల్ని దగ్గరికి రానివ్వకుండా కాపలా ఉండాలి. కొన్ని నాలుగు గంటలకే కదులుతాయి, కొన్నిటికి 24 గంటలు పడుతుంది.

ఆ పొద్దున్న మేం పావుగంట కూడా ఆగలేదు.