కవర్ పైసలు ఎవరివి? 2018లో పోయిన ఒక నిబంధన కథ

నల్లగొండలో ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర మొన్న ఆదివారం సాయంత్రం లైన్ ఆగిపోయింది. నెల సామాను కొన్న ఒక పెద్దావిడ బిల్లు చివరి వరుస మీద వేలు పెట్టి, "ఇదేంది బిడ్డా?" అని అడిగింది. "క్యారీ బ్యాగ్ అమ్మా, పది రూపాయలు" అన్నాడు కౌంటర్ మీదున్న పిల్లగాడు. పది రూపాయలకే అయితే ఆమె ఊరుకునేదేమో. ఇంటి నుంచి మడిచి తెచ్చుకున్న సంచిని లోపలికి రానీయకుండా గుమ్మం దగ్గరే టోకెన్ ఇచ్చి పెట్టించుకున్నారు. "సంచి తెస్తె బయట పెట్టుమంటరు, లోపలికొచ్చినంక కవర్ కొనుమంటరు. గిదేం పద్ధతి?" అని ఆమె గట్టిగా అడిగేసరికి వెనకాల నిలబడ్డవాళ్లు కూడా అందుకున్నారు. ఒకాయన మాత్రం "అన్ని షాపుల్ల అంతే ఉంది, కట్టెయ్యమ్మా, లేటయితాంది" అన్నాడు.

ఇలాంటి గొడవ ఏడాదికి రెండు మూడుసార్లు లేస్తుంది. బిల్లుల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, వారం తిరిగేసరికి చల్లబడుతుంది. ప్లాస్టిక్ ఎందుకు చెడ్డదో, మోరీలు ఎట్లా నిండుతాయో, ఆవుల కడుపులో ఏం దొరుకుతుందో అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. కవర్‌కు ధర పెట్టాలన్న ఆలోచన చట్టంలోకి ఎందుకు వచ్చింది, ఎక్కడ దారి తప్పింది అన్నది చాలామందికి తెలియదు. నా లెక్కలో అది దారి తప్పింది 2018 మార్చి 27న.

ఆ రోజు కేంద్ర పర్యావరణ శాఖ ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను సవరిస్తూ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో 15వ నిబంధనను పూర్తిగా తీసేశారు. క్యారీ బ్యాగులకు ధర గురించి చెప్పే నిబంధన అదొక్కటే. అది పోయాక, కవర్‌కు డబ్బులు తీసుకోవాలని గానీ, తీసుకున్న డబ్బులు ఎటు పోవాలని గానీ చెప్పే మాట కేంద్ర నిబంధనల్లో మిగల్లేదు. ఈరోజు కౌంటర్ దగ్గర అడిగే పది రూపాయలకు పర్యావరణం పేరు వాడుతున్నారు గానీ, ఆ పది రూపాయలు వసూలు చేయమని పర్యావరణ నిబంధన ఏదీ చెప్పడం లేదు.

మొదట్లో ఇలా లేదు. 2011 ఫిబ్రవరి 4న వచ్చిన నిబంధనల్లో 10వది సూటిగా ఉండేది: దుకాణదారు వినియోగదారుడికి క్యారీ బ్యాగు ఊరికే ఇవ్వకూడదు. కనీస ధర ఎంతో మునిసిపాలిటీ నిర్ణయించవచ్చు. ఆ ధరలో రెండు లెక్కలు కలిసి ఉండాలన్నారు. ఒకటి బ్యాగు తయారైన సరుకు ఖర్చు, రెండోది ఆ బ్యాగు చెత్తగా మారాక దాన్ని ఎత్తి, తరలించి, వదిలించుకోవడానికి అయ్యే ఖర్చు. ఈ రెండో లెక్క నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. కొనేవాడు కట్టే పైసలకూ ఊరి చెత్తకూ మధ్య ఒక ముడి వేశారు. "ఎందుకు కట్టాలి?" అని అడిగితే "నీ కవర్ ఎత్తడానికి" అని చెప్పే జవాబు అప్పట్లో కాగితం మీదైనా ఉండేది.

కాగితం దాటి మన అంగళ్లలోకి మాత్రం రాలేదు. నల్లగొండ ప్రకాశం బజార్‌లో గానీ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల గానీ కవర్‌కు వేరే పైసలు అడిగిన కూరగాయల బండి నేను చూడలేదు. ఎట్లా అడుగుతారు? పది రూపాయల కొత్తిమీర కట్టకు రూపాయి కవర్ ధర కలిపితే, కొనేటామె పక్క కుప్ప దగ్గరికి పోతుంది. అక్కడ కొసరు కరివేపాకుతో పాటు కవర్ కూడా ఊరికే వస్తుంది. అమ్మేవాళ్లు కవర్‌ను కూడా కొసరులోనే లెక్కేసుకుంటారు.

2016 మార్చి 18న నిబంధనలు మళ్లీ మారాయి. బ్యాగు కనీస మందం 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి 50కి పెరిగింది. ధర విషయంలో మొత్తం లెక్కే తిరగేశారు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఇవ్వాలనుకునే దుకాణదారు, వీధి వ్యాపారి ఎవరైనా స్థానిక సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. నెలకు 4,000 రూపాయల చొప్పున ఏడాదికి కనీసం 48,000 రూపాయలు కట్టాలి. బ్యాగులు డబ్బులకే ఇస్తామని దుకాణంలో బోర్డు పెట్టాలి. వసూలైన సొమ్మును ఆ ఊరి చెత్త నిర్వహణకే వాడాలి. ముడి అలాగే ఉంచారు, బరువు మాత్రం కొనేవాళ్ల మీద నుంచి అమ్మేవాళ్ల మీదికి మార్చారు.

ఆ కనీస బరువును దుకాణం సైజు చూడకుండా పెట్టారు. అమ్మకాలను బట్టి స్థానిక సంస్థ పెంచొచ్చు గానీ, తగ్గించే వీలు లేదు. నాలుగంతస్తుల మాల్‌కూ నెలకు కనీసం నాలుగు వేలే, రామగిరి రోడ్డు పక్కన గంప దించుకుని జామకాయలు అమ్మే ఆమెకూ కనీసం నాలుగు వేలే. ఆమె నెలంతా మిగిల్చుకునే దాంట్లో అది ఎంత భాగమో లెక్క వేయాల్సిన పని లేదు. అదే ఏడాది అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, ఉమ్మడి పాలమూరు నాలుగైంది. ఆఫీసులు, ఫైళ్లు, ఉద్యోగులు అటూ ఇటూ సర్దుకుంటున్న కాలం అది, ఈ ఫీజుల సంగతి చూసే తీరిక ఎవరికి? గంపలకు వేరేగా తక్కువ రేటు పెట్టి సవరించి ఉంటే ఈ నిబంధన బతికేది. రెండేళ్లకు సవరించడం మానేసి మొత్తంగా తీసేశారు. చిట్యాల, హాలియా, చండూరు మేజర్ పంచాయతీల నుంచి మునిసిపాలిటీలైంది కూడా ఆ 2018లోనే. కొత్త మునిసిపాలిటీలకు చెత్త ఎత్తే బాధ్యత వచ్చిపడిన ఏడాదే, దానికోసం కవర్ల మీద వసూలు చేసే దారి మూసుకుపోయింది.

తర్వాత జరిగిందంతా ఆ ఖాళీలోంచి వచ్చిందే. నిబంధన పోయాక చిన్న దుకాణం కవర్ ఊరికే ఇస్తూనే ఉంది. పెద్ద దుకాణం ధర తీసుకుంటూనే ఉంది. తేడా ఒక్కటే: ఆ ధరలో ఊరి వాటా పోయింది, అంతా దుకాణం రాబడి అయింది.

దీన్ని మొదట గట్టిగా పట్టుకున్నది వినియోగదారుల కమిషన్లు. 2019లో చండీగఢ్‌లో ఒకాయన చెప్పులు కొంటే, కాగితం బ్యాగుకు 3 రూపాయలు వేశారు. దాని మీద కంపెనీ పేరు పెద్దగా అచ్చేసి ఉంది. నా డబ్బులతో మీ ప్రచారం నేనెందుకు మోయాలని ఆయన వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి జిల్లా కమిషన్) పోయాడు. మూడు రూపాయల బ్యాగుకు ఆ కంపెనీ పరిహారం, ఖర్చులు, న్యాయ సహాయ నిధి కలిపి 9,000 రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఇలాంటి కేసుల్లో 1930 నాటి వస్తు విక్రయ చట్టం 36వ సెక్షన్ కూడా ముందుకొచ్చింది. వేరే ఒప్పందం లేకపోతే, సరుకును అప్పగించే స్థితికి తేవడానికయ్యే ఖర్చు అమ్మేవాడిదే అంటుంది అది. మన పెద్దమనుషులు ఎప్పటి నుంచో చెప్పే మాట కూడా ఇదే: బియ్యం అమ్మినోడు సంచి చూసుకోవాలె.

2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. బ్యాగుకు ధర తీసుకుంటామన్న సంగతి, ఆ ధర ఎంత, బ్యాగు ఎలాంటిది అన్నవి కొనేవాళ్లు ఈ దుకాణానికి రావాలా వద్దా అని నిర్ణయించుకోకముందే, సరుకు ఎంచుకోకముందే తెలియాలి. అన్నీ తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాక, వెనక లైన్ నిలబడి ఉండగా చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. నల్లగొండ పెద్దావిడ గొడవ ముమ్మాటికీ ఇదే. ఆమెకు కమిషన్ తీర్పు తెలియదు, అయినా సరిగ్గా అదే చోట వేలు పెట్టింది.

దుకాణాల వాళ్ల మాట కూడా ఉంది. 2021 సవరణతో కనీస మందం ఆ ఏడాది సెప్టెంబర్ 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకు పెరిగింది. మందం పెరిగితే బ్యాగు ఖరీదు పెరుగుతుంది, రూల్ ప్రకారం బ్యాగు తెచ్చేవాళ్లం ఊరికే ఎలా ఇస్తాం అంటారు. ఆ మాట తీసెయ్యలేం. పాటించే దుకాణం డబ్బులు అడుగుతుంది, పాటించని దుకాణం పల్చటి నల్ల కవర్ ఊరికే ఇస్తుంది. కొనేవాళ్ల కోపం మాత్రం డబ్బులు అడిగేవాడి మీదికే పోతుంది.

కానీ పెద్ద దుకాణంలో అమ్మే ఆ బ్యాగును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చాలాచోట్ల అది బట్టలా మెత్తగా ఉండే నాన్ ఓవెన్ బ్యాగు. బట్ట సంచే అనుకుని కొంటాం. నిజానికి అదీ ప్లాస్టిక్ దారమే. 2021 నిబంధనల్లో దానికీ 60 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 60 గ్రాముల కనీస బరువు పెట్టారు. వెలుతురుకు పట్టి చూస్తే చిన్న చిన్న చుక్కల అచ్చు కనబడుతుంది, నేత ఉండదు. మా ఇంట్లో అలాంటిది ఒకటి వరండాలో మేకుకు వేలాడుతూ ఒక ఎండాకాలం గడిపింది. జూన్‌లో తీసి ఉల్లిగడ్డలు వేయబోతే పిడి చేతిలోకి వచ్చింది, మిగతాది తెల్లటి పొట్టులా రాలి గచ్చు మీద పడింది. ఊడ్చినా చీపురుకు సరిగా రాలేదు. ఎప్పుడో బట్టల షాపులో చీరలు కొన్నప్పుడు ఇచ్చిన కాటన్ సంచి మాత్రం పిండి గిర్నీకి ఇంకా పోయి వస్తూనే ఉంది. నారాయణపేట, గద్వాల మగ్గాలు చుట్టూ ఉన్న ప్రాంతంలో బట్ట సంచి పేరుతో ప్లాస్టిక్ కొంటున్నామంటే బాధగా ఉంటుంది.

రెండు రోజులుగా నల్లగొండలోనూ పాలమూరులోనూ అంగడికి వచ్చినవాళ్లతో మాట్లాడాను. కవర్‌కు అసలు పైసలే వద్దు అన్నవాళ్లు నేను అనుకున్నంత మంది లేరు. "రెండు రూపాయలు పెడితేనన్న సంచి యాదికొస్తది" అని ఒక రైతు తనే అన్నాడు. ఒక టీచరమ్మ ఆదివారం మటన్‌కు స్టీల్ డబ్బా తీసుకుపోతానని చెప్పింది. అంగీకరించని చోటు మాత్రం అందరిదీ ఒకటే: ఆ పైసలు ఎటు పోతున్నాయి? మునిసిపాలిటీకి పోతే కడతాం, షాపు గల్లాలోకైతే ఎందుకు కట్టాలి? ఊరి నుంచి బస్సులో వచ్చేవాళ్ల ఇబ్బంది ఇంకొకటి. దావఖాన పని మీద వచ్చి, పోతూ పోతూ నాలుగు సామాన్లు కొంటారు. పొద్దున బయల్దేరేటప్పుడు కొంటామో లేదో కూడా తెలియదు. వాళ్లను సంచి తెచ్చుకోలేదని తప్పు పట్టడం నాకు న్యాయం అనిపించదు.

మన జనం చెత్త విషయంలో సహకరించరు అనే మాట అధికారుల నోట తరచూ వింటాం. అది నేను ఒప్పుకోను. 2000 తర్వాత తొలి ఏళ్లలోనే, అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న సూర్యాపేట వీధుల్లో చెత్తకుండీలే లేని పట్టణంగా దేశమంతా పేరు తెచ్చుకుంది. లక్షకు అటూ ఇటూ జనాభా. ఇంటింటికీ బండి వచ్చేది. తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకుని, తడిది వానపాముల ఎరువుగా మార్చి, పొడిది అమ్మేవాళ్లు. తామిచ్చింది ఏమవుతుందో కళ్లకు కనబడింది కాబట్టి జనం వేరు చేసి ఇచ్చారు. కవర్ పైసల విషయంలో 2018 నుంచి ఆ కనబడేదే లేకుండా పోయింది.

ఇప్పటికిప్పుడు కొనేవాళ్ల చేతిలో ఉన్నవి ఇవి. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగు ఎవరు ఇచ్చినా చెల్లదు. బ్యాగు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, మందం నేరుగా గానీ, బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ లాంటి రూపంలో గానీ తెలిసేలా ఉండాలి. మట్టిలో కలిసిపోయే రకమని చెబితే దాని మీద కంపోస్టబుల్ అన్న ముద్ర చూడాలి. ముందుగా చెప్పకుండా కౌంటర్ దగ్గర ధర వేస్తే, బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

ఆ ఆదివారం పెద్దావిడకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. "కవర్ తీసెయ్ బిడ్డా" అని బిల్లు మళ్లీ కొట్టించింది. సామానంతా కౌంటర్ మీదే ఉంచి, టోకెన్ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, తన సంచి తెచ్చుకుంది. యూరియా బస్తాను మడిచి చేత్తో కుట్టిన సంచి అది, పిడులకు పాత చీర అంచు. కందిపప్పు అడుగున పెట్టి, సబ్బులు ఒక పక్కకు దోపి, గుడ్ల ట్రే చేతిలో పట్టుకుంది. అప్పటిదాకా లేటవుతుందని తొందరపడ్డాయనే సంచి రెండో పిడి పట్టుకుని ఆటో దాకా సాయం పోయాడు.