ఆర్పడానికి వీల్లేని మంట

"మిసైల్ పరీక్ష వీడియోల్లో పొగ మెలికలు తిరిగి కనిపిస్తుంది. అంటే దారి తప్పినట్టేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలాసార్లు అది గాలి చేసే పని. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు వీస్తూ, మిసైల్ ఎప్పుడో దాటిపోయాక మిగిలిన పొగను చెల్లాచెదురు చేస్తుంది. అయితే కొన్ని మిసైళ్లు కావాలనే మెలికలు తిరుగుతాయి. అసలు మజా అక్కడుంది.

పృథ్వి లాంటి ద్రవ ఇంధన మిసైల్‌కి వాల్వు కట్టేస్తే ఇంజన్ ఆగుతుంది. హైదరాబాద్‌ అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీలో రూపుదిద్దుకున్న అగ్ని-5లో ఉండేది ఘన ఇంధనం. దీపావళి తారాజువ్వ లాగే, అంటుకుంటే మందంతా కాలాల్సిందే. ఇప్పుడు ఆ జువ్వను నాలుగో వీధిలో కాదు, పక్కింటి డాబా మీదే దించాలి. మందు తగ్గించడానికి లేదు. ఎలా?

ఒకటి, దాదాపు నిట్టనిలువుగా వదలడం. 2023 జులైలో ఉత్తర కొరియా హ్వాసాంగ్-18ని అలాగే వదిలింది. అది 6,600 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకు లేచి, 1,000 కిలోమీటర్ల దూరంలోనే పడింది. రెండు, జువ్వ తలకు చిల్లులు పెట్టడం. అమెరికా మినిట్‌మాన్-3 మూడో దశకు అలాంటివి ఆరున్నాయి. కావలసిన వేగం రాగానే అవి తెరుచుకుంటాయి, మంట ముందువైపుకీ తన్నడంతో మిసైల్‌ని ముందుకు నెట్టే బలం, అంటే తోపు, పోతుంది.

మూడోది, ఎగురుతూనే మందును దుబారా చేయడం. నాకిష్టమైనది ఇదే. మిసైల్ తన ముక్కును వెళ్లాల్సిన దిశ నుంచి 60 డిగ్రీలు పక్కకు తిప్పిందనుకోండి. కొసైన్ 60 అంటే సగం. ఇంజన్ పూర్తి బలంతో మండుతున్నా ముందుకు పనికొచ్చే తోపు సగమే. కాసేపటికి రెండో వైపు అంతే తిరిగితే పక్కవాటు వేగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పక్కకు జరిగిన దూరం మాత్రం మిగులుతుంది, దాన్ని కంప్యూటర్ లెక్కలో కలుపుకుంటుంది. వేగాన్ని గ్రాఫు గీస్తే, మందు ఇవ్వగల మొత్తం వేగం చాపం పొడవు, మనకు కావలసింది దాని రెండు కొసల్ని నేరుగా కలిపే జ్యా పొడవు. చాపం పొడవు మారదు కాబట్టి జ్యా చిన్నదయ్యేకొద్దీ వంపు పెరగాలి. పదో తరగతిలో కొసైన్ అనగానే గోడకు ఆనించిన నిచ్చెన గీస్తారు. ఈ లెక్క చెబితే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది!

జలాంతర్గాముల నుంచి వదిలే అమెరికా మిసైల్ ట్రైడెంట్‌ది ఈ పద్ధతే. బాలిస్టిక్ మిసైళ్లను కూల్చే థాడ్ కూడా పరీక్షల్లో ఆకాశంలో చుట్లు తిరుగుతూ అదనపు శక్తిని ఖర్చు చేసుకుంటుంది. ఇంత తంటా ఎందుకంటే, 10,000 కిలోమీటర్లు వెళ్లాల్సిన మిసైల్‌కి ఇంజన్ ఆగే క్షణాన వేగం సెకనుకు ఒక్క మీటరు తేడా వచ్చినా, పడే చోటు సుమారు 6 కిలోమీటర్లు మారిపోతుంది.

పైన గాలి పలచబడ్డాక రెక్కలు పనిచేయవు. మంట బయటికి తన్నే గొట్టాన్నే (నాజిల్) కొన్ని డిగ్రీలు వంచి మిసైల్‌ని తిప్పుతారు. ఆ అదుపు పోతే ఏమవుతుందో 2009 డిసెంబర్ 9న ఉత్తర నార్వే జనం చూశారు. తెల్లవారుజామున ఆకాశంలో పెద్ద తెల్లని సుడి! గ్రహాంతరవాసులన్నారు, అపశకునమన్నారు. తీరా చూస్తే మూడో దశ చెడి గిరగిరా తిరిగిన రష్యా మిసైల్ బులావా.

అగ్ని మిసైల్ పరీక్షకు ముందు బంగాళాఖాతంలో రాకపోకలకు మూసేసే ప్రాంతాన్ని స్కేలుతో కొలిచి, "రేంజ్ ఇంతే" అని నెట్‌లో తేల్చేసేవాళ్లుంటారు. మందు తగ్గించకుండానే దగ్గర్లో దించవచ్చు కాబట్టి, ఆ కొలత చెప్పేది ఆ రోజు ఎంత దూరం పంపుతున్నారన్నదే.