గీయకుండా మొలిపించిన చెట్టు

కంప్యూటర్‌లో ఒక వేపచెట్టును రెమ్మ రెమ్మా గీస్తూ కూర్చుంటే ఎంతటి కళాకారుడికైనా ఓపిక చచ్చిపోతుంది. అందుకే సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే అడవులను చాలావరకు ఎవరూ గీయరు. చెట్టు ఎలా పెరగాలో నియమం రాసిపెడతారు, అదే పెరుగుతుంది.

దీని మూలం జీవశాస్త్రంలో ఉంది. హంగరీలో పుట్టిన అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో కణాల ఎదుగుదలను అక్షరాలతో రాసి చూపించాడు. నాచుపోగుకు రెండే నియమాలు: 'క' ఉన్నచోట 'కచ' రాయాలి, 'చ' ఉన్నచోట 'క' రాయాలి. క, కచ, కచక, కచకకచ... అక్షరాల లెక్క 1, 2, 3, 5, 8గా సాగుతుంది. (లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు లెక్కగట్టిన మన ఛందశ్శాస్త్రకారులకు ఈ వరుస ఏనాడో తెలుసు.) అసలు కిటుకేమిటంటే, ప్రతి విడతలోనూ అక్షరాలన్నీ ఒక్కసారే మారాలి. ఒంట్లో కణాలు ఒకదాని వంతు అయ్యేదాకా ఇంకొకటి ఆగవు కదా!

అక్షరాలు ఆకారమయ్యేది తర్వాతి మెట్టులో. ఒక గుర్తుకు 'ముందుకు గీత గీయి', మరో గుర్తుకు 'పక్కకు తిరుగు' అని అర్థం చెబుతారు. బ్రాకెట్ తెరిస్తే ఉన్నచోటును గుర్తుపెట్టుకోవాలి, మూస్తే అక్కడికే తిరిగి రావాలి. ఈ బ్రాకెట్లే లేకపోతే కొమ్మలుండవు, ఒంటి గీతే మిగులుతుంది. ఇక పైకీ కిందికీ వంగడం, తన చుట్టూ తాను మెలి తిరగడం కూడా చేరిస్తే కాగితం మీది బొమ్మకు మూడో కొలత వస్తుంది. ఒక్కో ఆకుకు 137.5 డిగ్రీల చొప్పున మెలి పెడితే, చాలా మొక్కల్లో కాండం చుట్టూ కనిపించే అమరికే వస్తుంది. నియమంలో కాస్త యాదృచ్ఛికత కలిపితే ఏ రెండు చెట్లూ ఒకేలా ఉండవు.

చిక్కల్లా అదుపు దగ్గరే. "ఈ కొమ్మ కిటికీ మీదికి రావాలి" అని దర్శకుడు అడిగితే, నియమంలో ఒక్క అంకె మార్చినా చెట్టంతా మారిపోవచ్చు. నా దృష్టిలో దీనికి దొరికిన అందమైన జవాబు కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం బృందం 2007లో ప్రకటించిన పద్ధతి. చెట్టు తల ఎంతమేర పరుచుకోవాలో ఆ ఖాళీలో చుక్కలు చల్లుతారు. కొమ్మలు దగ్గర్లోని చుక్కల వైపు పెరుగుతాయి, చేరువైన చుక్కలు చెరిగిపోతాయి, చుక్కలు అయిపోతే ఎదుగుదల ఆగుతుంది. కళాకారుడు చెట్టు తల ఆకారం నిర్ణయిస్తే చాలు, కొమ్మలు చోటు కోసం పోటీపడి వాటంతట అవే సర్దుకుంటాయి. నిజానికి ఈ ఉపాయం చెట్ల కోసం పుట్టింది కాదు. 2005లో అదే ప్రయోగశాల ఆకుల్లోని ఈనెలు ఎలా అల్లుకుంటాయో చూపడానికి దాన్ని వాడింది.