కొత్త ప్రజాతి అంటే కొత్తగా పుట్టిన పురుగు కాదు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో కూర్చుని సముద్రపు జీవుల మీద పనేంటని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. సూర్యలంక తీరపు ఇసుక సీసాల్లో ఇక్కడికి వస్తుంది. అందులోని జీవుల్లో కొత్త ప్రజాతులను గుర్తించే మిగతా పనంతా మైక్రోస్కోప్ దగ్గరే. దగ్గరి పోలికలున్న జాతుల (స్పీషీస్) గుంపే ప్రజాతి (జీనస్). కొత్తదంటే ఇంతవరకు ఎవరూ వర్ణించనిదని అర్థం.

అపోహ: ఇవన్నీ రొయ్య పిల్లలే.

ఆక్వా రైతులు చూడగానే అనే మాట ఇది. నేను చూసేవి కోపిపాడ్లు, అంటే రొయ్యలకు దూరపు చుట్టాలైన అతి చిన్న జీవులు. అందులోనూ ఇసుక రేణువుల సందుల్లో బతికేవి, అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటాయి. గుడ్ల సంచి మోస్తున్న ఆడది ఒక్కటి కనిపిస్తే చాలు, పిల్ల కాదని తేలిపోతుంది.

అపోహ: కంటపడగానే కొత్తదని తెలిసిపోతుంది.

అసలు టెన్షన్ ఇక్కడే. జీవిని గ్లిసరిన్ చుక్కలో ఉంచి, సన్నటి సూదులతో కాళ్లను ఒక్కొక్కటిగా విడదీయాలి. ఏ కాలికి ఎన్ని కణుపులు, ఏ కణుపు మీద ఎన్ని ముళ్లు, ఎన్ని నూగు వెంట్రుకలు, అన్నీ లెక్కపెట్టి, మైక్రోస్కోప్‌లో కనిపించేదాన్ని కాగితం మీద గీయడానికి తోడ్పడే కెమెరా లూసిడాతో బొమ్మ గీయాలి. ఆడదాన్ని పట్టుకోవడానికి వీలుగా మగదాని మొదటి జత మీసాలు మడత పడతాయి కాబట్టి రెండింటినీ విడివిడిగా గీయక తప్పదు. ఆ తర్వాత ఆ కుటుంబంలోని, అంటే దగ్గరి ప్రజాతుల గుంపులోని, ప్రతి ప్రజాతితోనూ పోల్చాలి. కొన్ని వర్ణనలు 19వ శతాబ్దపు జర్మన్, ఫ్రెంచ్ వ్యాసాల్లో ఉంటాయి. ఒక ముల్లు తేడాను చూపి కొత్త జాతి అనొచ్చేమో గానీ, ప్రజాతి అనాలంటే పాతవాటిలో దేనిలోనూ ఇమడని లక్షణాలు కొన్ని కలిసి రావాలి. అప్పటికీ అది మా వాదనే. రేపు ఇంకొకరు పాత ప్రజాతిలో కలిపేయవచ్చు. ఒకే లక్షణం పట్టుకుని తొందరపడి పెట్టిన ప్రజాతులకు ఎక్కువగా ఆ గతే పడుతుంది, పట్టాలి కూడా.

అపోహ: డీఎన్ఏ చేస్తే సరిపోతుంది.

చేస్తే మంచిదే. కానీ పోల్చడానికి అవతల కూడా డీఎన్ఏ ఉండాలి కదా, చాలా పాత ప్రజాతులకు అది లేదు. ఫార్మలిన్‌లో నిల్వ ఉంచిన నమూనా నుంచి డీఎన్ఏ తీయడం కష్టం, ఆల్కహాల్ వాడాలి.

అపోహ: పేరు మన ఇష్టం.

కొంతవరకే. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం ఏదైనా సీతాకోకచిలుక ప్రజాతికి ఆ పేరు ముందే ఉంటే మనకు దొరకదు. మొక్కకు ఉంటే ఫర్వాలేదు. 1930 తర్వాత పెట్టే ప్రజాతికి ప్రామాణిక జాతిని, అంటే ఆ ప్రజాతి పేరుకు ఆధారంగా నిలిచే జాతిని, ప్రకటించడం తప్పనిసరి. ఒక్క జాతే ఉన్నా ప్రజాతి పెట్టొచ్చు. సొంత పేరు పెట్టుకోకూడదని ఎక్కడా లేదు, కానీ పెట్టుకుంటే నవ్వుతారు. మన ప్రాంతం పేరు పెట్టిన సందర్భం ఉంది. నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, విల్సన్‌తో కలిసి 2011లో వర్ణించిన ఐసోపాడ్ (రొయ్యల వర్గానికే చెందిన మరో రకం జీవి) ప్రజాతి పేరు ఆంధ్రకాయిడెస్. అది మంచినీటిది.

అపోహ: దొరికినవాళ్లదే నమూనా.

కాదు. 2002 జీవవైవిధ్య చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జీవిని కనుగొంటే సమాచారం ఇచ్చి, నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో అప్పగించాలి. మా విద్యార్థులు నెలల తరబడి గీసిన ఆ ఒక్క ఆడ కోపిపాడ్ కూడా అక్కడికే వెళ్తుంది.