సరిహద్దు తెలుగు బడి: పిల్లలు లేరనే లెక్క ఎలా తయారైంది

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి, జయపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లాయి. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు నడిపిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఊళ్లో ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు మాత్రం బడి అక్కడే కావాలి.

ఆ బడికి తొలి భరోసా 1949 ఆగస్టులో దొరికింది. బడి మొత్తంలో ఒక భాష పిల్లలు 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాష టీచరును వెయ్యాలని రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణ చేరింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చెయ్యాలని రాష్ట్రాలకు చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ టీచరు రావడం, రాకపోవడం తలల లెక్క మీద ఆధారపడింది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఈ లెక్కకు బలం పెరిగింది. 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు అప్పు, విదేశీ సాయం తోడయ్యాయి. ఒడిశా కూడా అందులో చేరింది. కొత్త గదులు వచ్చాయి, బడి లేని ఊళ్లకు బడులొచ్చాయి, అది కాదనలేం. అయితే పర్మనెంటు టీచర్ల స్థానంలో తక్కువ జీతానికి శిక్షా సహాయకులను తీసుకోవడం ఆ తర్వాతి ఏళ్లలో మామూలైంది. 2017లో నీతి ఆయోగ్ ఒడిశా, జార్ఖండ్, మధ్యప్రదేశ్‌లలో చేపట్టిన ‘సాథ్-ఇ’ కార్యక్రమంలో చిన్న బడుల విలీనం ముఖ్యమైన పని అయింది.

దీని దెబ్బ తెలుగు బడికి ఎలా తగులుతుందో చూడండి. తెలుగు మాస్టారు రిటైరవుతారు. ఆ స్థానంలో ఒడియా మాత్రమే తెలిసిన సహాయకుడు వస్తాడు. ఒకటో తరగతి పిల్లకు పలక మీద ‘అ’ దిద్దించేవాళ్లు ఉండరు. తల్లిదండ్రులు ఒక ఏడాది ఓర్చుకుంటారు. ఆ తర్వాత పిల్లను మహేంద్రతనయ నది అవతల, ఆంధ్ర వైపున్న పాతపట్నంలోని ఏదో ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేస్తారు. బడుల వివరాలు ఏటా సేకరించే ప్రభుత్వ యూడైస్ లెక్కలో ఒక పేరు తగ్గుతుంది. పదిమంది ఉన్న తరగతి తొమ్మిదికి దిగుతుంది. ఇక పోస్టు కావాలని అడగడానికి ఆధారం ఉండదు. ముందు పోయింది టీచరు, తర్వాత పోయింది పిల్ల. ఫైల్లో మాత్రం పిల్లలు లేనందువల్లే టీచరును వెయ్యలేదని ఉంటుంది. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

మార్కెట్ దారి పట్టిన దేశాలన్నీ ఇదే చెయ్యలేదు. 1989 తర్వాత పోలండ్ బడులను స్థానిక సంస్థల చేతికిచ్చి, విద్యార్థుల సంఖ్యను బట్టి నిధులు పంచింది. అక్కడా పల్లె బడులు చాలా మూతపడ్డాయి. అయినా ఆ నిధుల సూత్రంలోనే పల్లె పిల్లలకు, మైనారిటీ భాషలో చదివే పిల్లలకు అదనపు వాటా పెట్టారు. లిథువేనియా సరిహద్దులోని పున్స్క్‌లో లిథువేనియన్ బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

అంత దూరం వెళ్లక్కర్లేదు. సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది ఒడిశా ప్రభుత్వమే, 2007 ప్రాంతంలో. తలచుకుంటే చెయ్యగలదన్నమాట. ఆంధ్ర వైపు నుంచి ధైర్యం దొరకడం కూడా కష్టమే. 2019లో అక్కడి ప్రభుత్వమే తన బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చడానికి జీవో ఇచ్చింది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం తన పరిధిలోని 14 ఏళ్ల లోపు పిల్లల రికార్డును స్థానిక సంస్థ ఉంచాలి. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఆ రికార్డులో ఇంటి భాషకు ఒక గడి పెట్టాలి. 40 మంది ఉన్నారా, 10 మంది ఉన్నారా అన్నది బడి రిజిస్టరులో కాకుండా అందులో చూసి పోస్టు వెయ్యాలి.